సంతృప్తి చెందిన ఒకే ఒక్క ఓటరు

ఎమ్మెల్యేగారిని ఎవరో మనస్ఫూర్తిగా పొగుడుతున్నారని వినగానే పీఏ గుండె గుభేలుమంది.

"ఎవరు? ఎక్కడ? ఎందుకు?" అన్నాడు, టీ కప్పు కింద పెట్టేసి.

"మార్కెట్ వెనక వీధిలోనండీ, ఎవరో పెద్దాయన. నలుగురిని పోగేసి మరీ పొగుడుతున్నాడు," అన్నాడు డ్రైవరు.

ఇది కచ్చితంగా ప్రత్యర్థి పన్నాగమే అనుకున్నాడు పీఏ. అనుకోడా మరి! ఐదేళ్ళుగా ఆ నియోజకవర్గంలో తన సార్‌ని తిట్టనివాణ్ణి అతను చూసి ఎరగడు. తవ్విన రోడ్డు తవ్వినట్టే ఉంది. ఆసుపత్రికి భవనం ఉంది, డాక్టరు లేడు. వీధి దీపాలకు స్తంభాలున్నాయి, బల్బులు లేవు. సార్ చేసిందల్లా ప్రారంభోత్సవాలే. వారం తిరక్కుండా ఒక సభ, సభకు రెండు గంటల ఉపన్యాసం. ఆయన మొదలుపెట్టి పూర్తి చేసిన పని ఏదైనా ఉందంటే ఆ ఉపన్యాసమే.

ఇప్పుడు వ్యవహారం పీకల మీదికి వచ్చింది. ఆదివారం సభకు పార్టీ పరిశీలకుడు వస్తున్నాడు. "మీ గొప్పలు మీరు చెప్పుకోవద్దు. మీవల్ల బాగుపడ్డానని ఒక్కటంటే ఒక్క మామూలు ఓటరు స్టేజీ ఎక్కి చెబితే టికెట్ మీదే. లేదంటే ఇంకొకరికి," అని తేల్చేశాడు.

టికెట్ రాకపోతే సార్‌కి పోయేదేం లేదు, మూడు తరాలు కూర్చుని తినొచ్చు. పీఏ పనే కుడితిలో పడ్డ ఎలుకలా అవుతుంది. మామగారి సిమెంటు దుకాణంలో, బావమరిది కింద పని చెయ్యాలి. ఆ బావమరిది బావగారి కోసం అప్పుడే ఒక స్టూలు కూడా కొని ఉంచాడట!

పీఏ ఆ పెద్దాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాడు. చిన్నదే గానీ కళకళలాడుతోంది. హాల్లో ఒక టీవీ, వంటింట్లో ఇంకొకటి. పెద్దాయన ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరు సార్‌గారి మనిషా! రండి బాబూ, కూర్చోండి. ఆ మహానుభావుడు గెలవకముందు పని కోసం ఊళ్ళు పట్టుకుని తిరిగేవాణ్ణి. పిల్లల మొహం చూడక నెలలు గడిచిపోయేవి. ఆయనొచ్చాక ఉన్న ఊళ్ళోనే చేతినిండా పని. హాయిగా ఇంట్లో అన్నం తింటున్నా."

"నిజమే అన్నయ్యగారూ," అంది ఆయన భార్య టీ ఇస్తూ. "మీ సార్ సభ ఎప్పుడో, ఎక్కడో కనుక్కుంటే గానీ ఈయనకు ముద్ద దిగదు."

పీఏ అంత తేలిగ్గా లొంగే రకం కాదు. ఇంట్లో ఎన్ని ఓట్లు, ప్రత్యర్థి వాళ్ళతో చుట్టరికం ఏమైనా ఉందా, ఇదివరకు ఎవరి జెండా మోశారు, ఇలా తన వృత్తిలో అడగవలసినవన్నీ గుచ్చి గుచ్చి అడిగాడు. ఓట్లు నాలుగు. చుట్టరికం లేదు. ఏ జెండా పట్టి ఎరగడు. అబద్ధమాడే మనిషి కాడని పీఏకి నమ్మకం కుదిరింది. అతని కళ్ళు చెమర్చాయి కూడా. ఐదేళ్ళ తన చాకిరీతో ఒక్క కుటుంబమైనా బాగుపడిందన్నమాట!

"ఈ మాటే స్టేజీ మీద చెబుతారా?"

"అంతకంటేనా! కానీ జనం రావాలి బాబూ. మొక్కుబడిగా ఇంటికొకరు కాదు, ఇంటిల్లిపాదీ రావాలి. ఆ బాధ్యత నాకొదిలేయండి."

అన్నట్టే గడపగడపా ఎక్కి పిలిచాడు. నడవలేని ముసలాళ్ళ కోసం పీఏ చేత వ్యాన్లు కూడా పెట్టించాడు. ఆదివారం మధ్యాహ్నానికి మైదానం ఇసకేస్తే రాలనట్టుంది. ఆ జనాన్ని చూసి పోలీసు స్టేషను సిబ్బంది మొత్తం పరుగున వచ్చి, రూలు ప్రకారం స్టేజీకి వీపు పెట్టి, జనం మీద కళ్ళు పెట్టి నిలబడ్డారు.

పెద్దాయన మైకు అందుకున్నాడు.

"నా కుటుంబం ఈరోజు నాలుగు వేళ్ళూ నోట్లోకి పోయేలా బతుకుతోందంటే ఈయన చలవే! ఈయన్ని మళ్ళీ గెలిపించండి. ప్రతి సభకూ ఇలాగే పిల్లా జెల్లాతో రండి!"

చప్పట్లు మారుమోగాయి. పరిశీలకుడు చిరునవ్వుతో తలాడించాడు. పీఏ పెద్దాయన్ని కావలించుకుని సెల్ఫీ తీసుకున్నాడు. పోరా బావమరిదీ, ఆ స్టూలు మీద నువ్వే కూర్చో అనుకున్నాడు.

సార్ ఉపన్యాసం మొదలుపెట్టగానే పెద్దాయన లేచాడు. "వెళ్ళొస్తా బాబూ, అవతల పనుంది. మీ ఇంట్లోవాళ్ళు కూడా వచ్చారా?"

"రాకపోవడమేంటండీ! అదిగో, ముందు వరసలో మా ఆవిడ, అత్తగారూ మామగారూ, బావమరిదీ."

"చాలా సంతోషం. సార్ మాట్లాడ్డం అయ్యేదాకా ఎవర్నీ కదలనివ్వకండి," అని భుజం తట్టి స్టేజీ వెనకనుంచి దిగి వెళ్ళిపోయాడు పెద్దాయన. ఎంత అభిమానం అనుకున్నాడు పీఏ.

ఆ సంతోషం పట్టలేక మెట్ల దగ్గరున్న ఇన్‌స్పెక్టరు పక్కకు చేరాడు. "విన్నారా మా పెద్దాయన మాటలు?"

"వినడమేనండీ, చూసే యోగం మాకెక్కడిది! ఇంతకీ ఎవరాయన?"

పీఏ గర్వంగా ఫోన్లో సెల్ఫీ చూపించాడు. ఇన్‌స్పెక్టరు ఫోను లాక్కుని కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు.

"ఈయన... ఇప్పుడెక్కడున్నాడు?"

"ఇప్పుడే వెళ్ళారు. పనుందట."

"పనికే వెళ్ళుంటాడండీ! సార్ సభ అని స్టేషను ఖాళీ చేసి మేం ఇక్కడ కాపలా కాసిన ప్రతిసారీ, సభకొచ్చినవాళ్ళ ఇళ్ళకు కన్నం వేసేది వీడే!"