పెట్టె నేర్చుకుంటుంది

టీవీ దానంతటదే మారింది. సముద్రం వచ్చింది. చేపల పడవలు వచ్చాయి.

మంచంలో ముసలమ్మ నవ్వింది. ఆ నవ్వులోనే కూతురు ఎకువా చెంచాడు జావ ఆమె నోట్లో పెట్టేసింది.

పక్షవాతంతో ముసలమ్మకు మాట పోయింది. టీవీలో నచ్చింది కనబడితేనే నోరు తెరుస్తుంది.

"అమ్మ మనసు పెట్టెకు తెలిసిపోతోందక్కా!" అంది ఎకువా, వాకిట్లో చేపలు కాలుస్తున్న ఇంటి యజమానురాలు మాన్సాతో.

"తెలియక చస్తుందా? మనమేం చూస్తామో అదే నేర్చుకుంటుందని కంపెనీవాడు చెప్పలా?"

నేర్చుకున్నది కంపెనీకి మోస్తుందనీ, దాంతో కంపెనీ మనకే సబ్బులు అంటగడుతుందనీ వాడు చెప్పడు.

సెకొండి అనే రేవుపట్నంలోని ఆ ఇంట్లో అన్ని గదుల టీవీలకూ ఛానళ్ళు మార్చే పెట్టె ఒక్కటే. తీగలు గదిగదికీ పాకాయి. ఒక గదిలో పడవ కదిలితే అన్ని గదుల్లోనూ కదిలేది. సాయంత్రం గాలికి గుమ్మాల తెరలు ఊగుతుంటే ఇల్లంతా ఒకే నీలిరంగు కల కంటున్నట్టుండేది.

పెట్టె మాత్రం పక్కగదిలో అద్దెకుండే అతంగా అనే ముసలాయన దగ్గర. ఉత్తరాది మనిషి. ఎప్పుడూ తలుపు మూసే ఉంటుంది.

"ఆ గది నా చేపల బుట్టలకు కావాలే. పెట్టె ఉందని ఊరుకున్నా," అంది మాన్సా.

"పెట్టె మాకివ్వక్కా! అమ్మ పక్కనుంటే ఇంకా బాగా నేర్చుకుంటుంది."

"మరి ముసలాడు?"

"ఆయనకేం? ఊరికి పోతాడు."

మాన్సా గది ఖాళీ చేయమంది. అతంగా మూట చంకన పెట్టుకుని, గుమ్మంలోనే పెట్టె, రిమోటు ఎకువా చేతికిచ్చాడు.

"ఒక్కటి చెప్పమ్మా. మీ అమ్మ నవ్వాక మింగుతుందా, మింగాక నవ్వుతుందా?"

"అదేం ప్రశ్న తాతా! నవ్వితేనేగా నోరు తెరిచేది."

దాహం తీరినవాడిలా తల ఊపి, బస్సు కోసం వెళ్ళిపోయాడు.

పెట్టె ముసలమ్మ మంచం పక్కకు చేరింది. తెర మీద పాస్టరు అరుస్తున్నాడు. సాయంత్రం దాకా అరుస్తూనే ఉన్నాడు.

"ఏమే ఎకువా, పిల్లలు ఏడుస్తున్నారు, బొమ్మలు రావేం?" పై గదిలోంచి కేక.

"పెట్టె అలిగిందేమో, బతిమాలు!" ఇంకో గదిలో నవ్వు.

ఎకువా రిమోటు నొక్కింది. వార్తలు. కుస్తీ. మళ్ళీ పాస్టరు. ఆ పడవలు ఎక్కడ, ఎప్పుడు వస్తాయో ఎవరికి తెలుసు?

ముసలమ్మ పళ్ళు బిగించి గోడవైపు తిరిగింది. మర్నాడూ జావ చల్లారిపోయింది.

ఎకువా భయపడి కంపెనీ మనిషిని పిలిపించింది. అతను పెట్టె వెనక్కి తిప్పి చూశాడు.

"ఇది నేర్చుకోవాలంటే ఇంటర్నెట్ ఉండాలక్కా. దీనికెవరూ పెట్టనే లేదు. నొక్కిందే చూపిస్తుంది, అంతే."

"మరి ఇన్నాళ్ళూ నొక్కిందెవరు?"

అడిగిన నోటితోనే పక్కగదికి పరుగెత్తింది.

ఖాళీ గదిలో టీవీ పెట్టిన జాడే లేదు; ముసలమ్మ మంచం వైపు గోడకు మాత్రం, కూర్చున్న మనిషి చెవి ఎత్తున, అరచేతంత మేర సున్నం అరిగి నున్నగా మెరుస్తోంది.