కూర్చున్నవాళ్ళ తోట

"ఆ మనుషుల్ని పీకెయ్యమ్మా. కారు వచ్చేసింది!" అన్నాడు ఆర్కిటెక్టు.

బల్ల మీద యూనివర్సిటీ లైబ్రరీ అట్ట నమూనా ఉంది. లోపల గోరంత మనుషులు కుర్చీల్లో కూర్చుని చదువుతున్నారు. గంటలో కమిటీకి చూపించాలి. వరసగా నాలుగు డిజైన్ పోటీలు పోయాయి. ఇదీ పోతే ఆఫీసుకి తాళమే.

నమూనాలు చేసే జిగురక్క పట్టకారు వెనక్కి దాచుకుంది. "ఎందుకు సార్?"

"ప్రతి కుర్చీ నుంచీ తోట కనిపిస్తుందని రాసిచ్చాం. నీ మనుషుల తలలు కిటికీ అంచు దాకా కూడా రాలేదు. కొలత తప్పావు."

"మూడుసార్లు చూసుకున్నాను సార్. మనుషులు సరిగ్గానే ఉన్నారు. గోడే ఎత్తు."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా గోడనంటావా? గీసిన ప్రతి చిత్రంలోనూ తోట కనిపిస్తోందిగా!"

"అవన్నీ నిలబడ్డవాళ్ళ కంటి ఎత్తులో గీశారు సార్. చదువుకునేవాళ్ళు కూర్చుంటారు కదా."

కింద హారన్ మోగింది. అతను మోకాళ్ళ మీద కూలబడి, కూర్చున్న ఒక బొమ్మ తల పక్కకి కన్ను తెచ్చి చూశాడు.

ఎదురుగా ఉత్త గోడ.

హారన్ మళ్ళీ మోగినా లేవలేదు. కాసేపటికి అలాగే చెయ్యి చాచాడు. ఆమె మనసొప్పకపోయినా పట్టకారు అందించింది.

"అది కాదమ్మా," అన్నాడు. "కత్తి ఇవ్వు. గోడ కొయ్యాలి."