గరిటెడు మెతుకులు

త్రేన్పు మైకులోకి వెళ్లిపోయింది.

గుడంతా వినబడింది. ముందు వరస పిల్లలు కిసుక్కున నవ్వారు. సొలొమోను పాస్టరు ప్రసంగం సగంలో ఆపేసి, పాట అందుకోమని సైగ చేసి కుర్చీలో కూలబడ్డాడు.

పొట్ట డప్పులా బిగిసిపోయింది. నిలబడితే ఆయాసం, కూర్చుంటే బెల్టు కోసేస్తోంది.

గుడ్ ఫ్రైడే ఇంక నాలుగు వారాలే ఉంది. ఆరోజు మూడు గంటలు నిలబడి, సిలువ మీద పలికిన ఏడు మాటలూ ఆయనొక్కడే చెప్పాలి. కంకిపాడు చుట్టుపక్కల ఊళ్లన్నిటి నుంచీ జనం వస్తారు. వాళ్ల ముందు ఇలా కూలబడితే ఇంకేమన్నా ఉందా? ఈ సంఘానికి వచ్చి నిండా ఏడాది కూడా కాలేదు.

"విజయవాడ డాక్టరేమన్నాడండీ?" అడిగింది భార్య హెలెన్.

"టెస్టులన్నీ బాగానే ఉన్నాయంట. తిండి తగ్గించమన్నాడు."

"మరి తగ్గించండి."

"ఎవరింట్లో తగ్గించను, చెప్పు?"

అదీ అసలు గొడవ. గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే లెంట్ నలభై రోజులూ సాయంత్రాలు ఇంటింటా ప్రార్థన. జనం ఉపవాసాలుంటారు. పాస్టరు మాత్రం తినకుండా గడప దాటకూడదు. తాము మాంసం మానేసినవాళ్లు కూడా అయ్యగారికని కోడిని కోస్తారు.

రోజుకి మూడిళ్లు. ఒకచోట పులిహోర, గారెలు. ఇంకోచోట కోడికూర. మూడోచోట బిర్యానీ, దాని మీద కూల్ డ్రింకు. వద్దంటే "మా ఇంట్లో తినరా అయ్యగారూ?" అని మొహం చిన్నబుచ్చుకుంటారు. అవతలింటివాళ్లు అప్పటికే చాపలు పరిచి ఎదురు చూస్తుంటారు. నమిలే టైమెక్కడిది, గబగబా మింగి లేవడమే.

ఊరంతా పస్తులుండే రోజుల్లో ఈయనకి పొట్ట ఉబ్బింది. ఎవరికి చెప్పుకుంటాడు పాపం.

ఆ మంగళవారం మూడో ఇల్లు మణెమ్మది. కాలవగట్టు చివర రేకుల ఇల్లు. ఒంటరి మనిషి. నాట్లకీ కోతలకీ పోతుంది, ఆదివారం గుళ్లో వెనక చాప మీద కూర్చుంటుంది. ఆయనకి అంతకుమించి తెలియదు.

ప్రార్థన అయ్యింది. కంచం వచ్చింది.

గరిటెడు మెత్తటి అన్నం, పల్చటి చారు.

సొలొమోను కాసేపు చూశాడు. ఇంకేమీ రాలేదు.

"నెమ్మదిగా నమలండయ్యగారూ" అంది మణెమ్మ, ఎదురుగా పీట వేసుకుని.

"వెళ్లాలమ్మా."

"ఇదే కదండీ ఆఖరిల్లు. తొందరేముంది?"

ముద్ద మింగబోతే "ఇంకాస్త నమలండి" అంది. లేవబోతే "సోడాలు గట్రా తాగకండయ్యగారూ, వెళ్లగానే నడుం వాల్చకండి, కాస్త నడవండి" అంది.

పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్తుంటే ఆయనకి ఒళ్లు మండింది.

"గరిటెడు పెట్టి గంపెడు చెప్పింది" అన్నాడు ఇంటికొచ్చి. "పెట్టడానికి అందరికీ వచ్చిన చెయ్యి ఈవిడకే రాలేదు."

"ఈమాటేదో రేపు చెబుదురుగాని, పడుకోండి" అంది హెలెన్.

ఆ రాత్రి ఆయనకి హాయిగా నిద్రపట్టింది. ఎందుకో ఆలోచించలేదు.

ఆదివారం నోరు ఊరుకోలేదు. "దేవుని సేవకుడికి కూడా కొలిచి పెట్టేవాళ్లున్నారు. గరిటెడు మెతుకులు!" అన్నాడు ప్రసంగంలో. పేరు చెప్పలేదు. ఎవరి వంతు ఎప్పుడో ఊరందరికీ తెలుసు. జనం వెనక్కి తిరిగి చూసి నవ్వారు.

మణెమ్మ పైట నెత్తిమీదకి లాక్కుని తలొంచుకుంది.

ఆ వారం మళ్లీ మూడేసి ఇళ్లు, మళ్లీ బిర్యానీలు. పొట్ట మళ్లీ మొదలుపెట్టింది. పడుకోలేడు, కూర్చోలేడు, వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, మంగళవారం నిద్ర.

మర్నాటి నుంచి ఏ ఇంటికెళ్లినా "గరిటెడే పెట్టండమ్మా, డాక్టరు చెప్పాడు" అన్నాడు. మణెమ్మ పేరు మాత్రం ఎత్తలేదు. నమిలి తిన్నాడు. కూల్ డ్రింకు పక్కన పెట్టాడు. బండి ఇంటి దగ్గరే వదిలేసి నడిచాడు. మొహాలు చిన్నబోయాయి. పోనీ అనుకున్నాడు. పది రోజులకి ఒళ్లు తేలికపడింది.

గుడ్ ఫ్రైడే నాడు మూడు గంటలు నిలబడ్డాడు. ఏడో మాట దాకా గొంతు వణకలేదు.

అయ్యాక వెనక చాప వంక చూశాడు. మణెమ్మ లేదు.

"జ్వరమండి" అన్నారెవరో.

సిగ్గేసింది. ఆమె దగ్గరికి వెళ్లి తప్పయిందమ్మా అనాలనుకున్నాడు. ఈస్టరు పనులున్నాయి, సోమవారం వెళ్దాంలే అనుకున్నాడు.

శనివారం తెల్లారేసరికి కబురొచ్చింది, మణెమ్మ పోయిందని.

సాయంత్రం సమాధుల దగ్గర బైబిలు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె గురించి రెండు మాటలు చెప్పాలి. ఆయనకి తెలిసింది ఒక్కటే, అది చెప్పి ఇదివరకే అందర్నీ నవ్వించాడు.

పక్కింటి అమలమ్మని దగ్గరికి పిలిచాడు. "ఆమె గురించి ఏదైనా చెప్పమ్మా. నాకేమీ తెలియదు."

అమలమ్మ చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"చెప్పనని మాట తీసుకుందండి. ఇంక ఎవరికోసం దాచను? ఆ మంగళవారం మీకని గుడ్లు పెట్టే కోడిని కోసిందయ్యగారూ. ఆమెకున్నది అదొక్కటే. కూర దించేసరికి, మీరు బండి దిగి గట్టు మీద నడిచొస్తూ రెండుసార్లు ఆగి పొట్ట పట్టుకోడం చూసింది. గిన్నె ఎత్తుకొచ్చి మా పిల్లలకి పెట్టేసింది."

"ఎందుకమ్మా?"

"'అయ్యగారు వద్దనలేరే, పెడితే తినేస్తారు. పెట్టలేదని నన్ననుకుంటే అనుకోనీ' అందండి."

సొలొమోను బైబిలు మూశాడు.

"గుళ్లో మీరలా అన్నరోజు నేను లేచి చెప్పబోయానండి. చెయ్యి పట్టుకుని లాగి కూర్చోబెట్టి, 'ఊరుకోవే, తెలిస్తే అయ్యగారు మాట పడతారు, గుడ్ ఫ్రైడే నాడు ఆయన అందరి ముందూ నిలబడాలి' అంది."