అయిదో చెయ్యి

“నన్ను కూడా బయటికి గెంటేశారక్కా,” అంటూ ఆల్డెన్ సమావేశం గది తలుపు ధడాలున మూశాడు.

వెర్నా నడవాలో, కోట్లు తగిలించే కొక్కేల కింద బల్ల మీద కూర్చుని ఏదో అల్లుకుంటోంది. తలెత్తి చూసింది. “ఏమన్నావురా?”

“బోర్డులో ఆ డ్వైట్‌ని మొద్దు అన్నాను.”

“అంత మాటకే పంపేశారా?”

“దానికి ముందు ఇంకో మాట కూడా అన్నాలే.”

వెర్నా నవ్వింది. ఆల్డెన్‌కి నవ్వు రాలేదు. బురద బూట్లతో నడవాలో అటూ ఇటూ తిరిగాడు. అవతల పాలు పితికే వేళ దాటిపోతోంది. ఇవతల రెండేళ్ల నుంచి సాగుతున్న వ్యవహారం ఈ సాయంత్రంతో తేలిపోవాలి. భూసంరక్షణ నిధితో ఊరు అతని పొలం కొంటుందా, కొనదా? కొంటే అక్కడ ఎప్పటికీ ఇళ్లు లేవవు, గడ్డి గడ్డిలాగే ఉంటుంది. సగం ఖర్చు వెర్మాంట్ రాష్ట్రం భరిస్తానంది. ఆ మాటకి గడువు ఇవాళే.

“ఆ డబ్బుతో డ్వైట్‌కి బంతాట మైదానం కావాలట!” అన్నాడు ఆల్డెన్. “పోయినసారి కొలతలు మళ్లీ తీయించమన్నాడు. తీయించాను. అంతకు ముందు బావి నీళ్లు పరీక్ష చేయించమన్నాడు. చేయించాను. ఇవాళేమో, గడ్డి దానంతటదే పెరుగుతుంది కదా, దానికి ఊరు డబ్బెందుకు పెట్టాలి అంటాడు!”

“గొంతు తగ్గించు. లోపలికి వినబడుతుంది.”

“వినబడనీ. ఇద్దరు మనవైపు, ఇద్దరు వాడివైపు. అయిదో చెయ్యి నీది. నువ్వేమో ఇక్కడ కూర్చుని మేజోళ్లు అల్లుతున్నావు!”

“ఏం చెయ్యమంటావురా? అయినవాళ్ల విషయం వచ్చినప్పుడు ఊరి బోర్డు సభ్యులెవరైనా ఓటెయ్యకుండా లేచి బయటికి రావాలి. నియమం.”

“దిక్కుమాలిన నియమం!”

వెర్నా అతని పెదనాన్న కూతురు. చిన్నతనంలోనే తల్లి పోతే ఆల్డెన్ వాళ్లింట్లోనే పెరిగింది. ఊళ్లో సగంమంది వాళ్లని సొంత అక్కాతమ్ముళ్లే అనుకుంటారు. ఆల్డెన్ భార్య పోయాక రోజూ సాయంత్రం వంతెన దాటి వచ్చి, అతని పొయ్యి మీదే వండి, అతనితో కలిసి తిని, అతని వంటిల్లు ఎంత మురికిగా ఉందో చెప్పి వెళుతుంది.

ఆల్డెన్ బల్ల మీద చతికిలబడి మోకాళ్లు నిమురుకున్నాడు. “ఇంకో చలికాలం నావల్ల కాదక్కా. పొద్దున్న పాక మెట్లు దిగడానికి పక్కవాడు చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. మా అమ్మాయి అరిజోనాలో తనింట్లో నాకు గది కూడా సర్ది పెట్టింది. అక్కడ ఎండకి ఈ నొప్పులుండవట.”

“ఎండకి మెదడు కూడా ఉడుకుతుందట,” అంది వెర్నా. “అయినా నువ్వు పోతే నేను ఎవరితో పోట్లాడాలి?”

“డ్వైట్‌తో పోట్లాడు.”

ఈసారి ఆమె నవ్వలేదు. ఒక వరుస అల్లింది. “పోనీ, ఆ ఇళ్లు కట్టే కంపెనీకే అమ్మెయ్యరాదూ? వాళ్లు ఎప్పుడంటే అప్పుడు కొంటారుగా.”

“ఆ గడ్డి మీద కార్లు నిలబెడతారు. చచ్చినా అమ్మను.”

“తెలుసురా.”

“ఊరు కాదంటే మళ్లీ ఆవులూ నేనూ. అంతే.”

“అంతే,” అంది వెర్నా. మేజోడు మడిచి సంచిలో పెట్టింది.

లోపల కుర్చీలు కదిలిన చప్పుడు. ఎవరో గట్టిగా ఏదో అన్నారు. డ్వైట్ నవ్వు తలుపు దాటి వినిపించింది. ఆల్డెన్‌కి అది చాలు. లేవబోయాడు. వెర్నా అతని మోచెయ్యి పట్టుకుంది. ఆమె వేళ్లు చల్లగా ఉన్నాయి.

గుమాస్తా మ్యూరియెల్ తలుపు తీసి, వాళ్లిద్దర్నీ చూసి ఒక్క క్షణం ఆగింది. “ఇద్దరు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. సమానమైతే వీగిపోయినట్టే. నన్ను మన్నించండి, ఆల్డెన్‌గారూ.”

రెండేళ్లుగా ఆల్డెన్ నోటి దాకా వచ్చిన తిట్లన్నీ ఎటు పోయాయో, ఒక్కటీ గుర్తు రాలేదు.

వెర్నా లేచి అతని కోటు అందించింది. తొడుక్కునేటప్పుడు మెడ దగ్గర మడత సరిచేసింది. “పద. ఆవులు అరుస్తుంటాయి. నేను వెళ్లి బండి వేడెక్కిస్తాను. రాత్రికి బీన్స్ సూప్ చేస్తాలే. వచ్చే ఏడు మళ్లీ అడుగుదాం.”

ఆమె గబగబా వెళ్లిపోయింది. బయట బండి దగ్గి, దగ్గి, మొదలైంది.

ఆల్డెన్ గుండీలు పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నాడు. మ్యూరియెల్ కదల్లేదు.

“మీ తప్పేముందమ్మా,” అన్నాడు. “ఆ ముదనష్టపు నియమమే లేకపోతే మా అక్క చెయ్యెత్తేది. ఈపాటికి నేను అరిజోనాకి పెట్టె సర్దుకునేవాణ్ణి.”

మ్యూరియెల్ అయోమయంగా చూసింది. “ఆ నియమం తోబుట్టువులకే కదండీ. పెదనాన్న పిల్లలకి వర్తించదు.”

“మరి ఆ సంగతి మా అక్కకి ఎవరూ చెప్పలేదే!”

“పొద్దున్నే నేను చెప్పానండీ.”