వంటింట్లో టోలుయీన్

“ఏటమ్మా సమీరా, వంటింట్లో ఈ పుర్రె బొమ్మేటి?”

పై అరలోని గోధుమరంగు గాజు సీసాను చూసి వేదవతి గుమ్మంలోనే ఆగిపోయింది. కొడుకు కొత్త కాపురం చూడటానికి కలకత్తాలోనే ఏక్‌బాల్‌పూర్ నుంచి సాల్ట్ లేక్‌కి ఆవిడ రావడం ఇదే మొదలు. అత్తగారికి ప్రాణమైన కొత్త ఈతబెల్లం పాయసం వండి మెప్పు పొందాలని సమీర వారం నుంచీ కలలు కంటోంది. పొయ్యి మీద పాలూ గోవిందభోగ్ బియ్యమూ చిక్కబడుతున్నాయి.

“అది టోలుయీన్ అత్తయ్యా. మా కాలేజీ లాబ్‌లో రంగులూ జిగురూ కరిగించడానికి వాడతాం. ఆవిరి పీలిస్తే తల తిరుగుతుంది, నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. మూత గట్టిగా బిగించి, చల్లటి చోట, మంటకీ తిండికీ దూరంగా పెట్టాలి,” అంటూ సమీర పాఠం చెప్పినట్టు గడగడా చెప్పేసింది.

“మరి పొయ్యి నెత్తిమీదే పెట్టినావేటి?”

సమీర నోరు తెరిచేలోపే భర్త జయదేవ్ అందుకున్నాడు.

“భయం లేదమ్మా. మూత బిగుతుగా ఉందో లేదో రోజూ నేనే చూస్తున్నా.”

“మిఠాయి డబ్బా మూత తప్ప ఇంకో మూత ఎప్పుడైనా ముట్టినావేట్రా నువ్వు?”

సమీరకు మాత్రం మురిపెం ముంచుకొచ్చింది. నిజమే, రోజూ తను స్నానం చేసొచ్చేసరికి లూచీలనే బెంగాలీ పూరీల పళ్లెం పట్టుకుని వంటింట్లోనే కాపలా ఉంటాడు. ఎంత శ్రద్ధ!

వేదవతి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. “అదుంటే నానీ ఇంట్లో మెతుకు ముట్టను. తీసి పారెయ్యండి.”

“నేను పారేసొస్తా! మీరెవరూ ముట్టకండి,” జయదేవ్ చటుక్కున చెయ్యి చాచాడు.

“వద్దు! సింకులో పొయ్యకూడదు, చెత్తలో వెయ్యకూడదు!” సమీర అడ్డుపడింది.

“అయితే నా చెప్పులేవీ? నానెళ్లిపోతాను.”

ఇక లాభం లేదు. సమీర నాలుక్కరుచుకుంది. ముందు పొయ్యి ఆపింది. తన చేత్తో పుర్రె బొమ్మ గీసి అంటించిన ఆ సీసాను గబుక్కున దించి, మూత తీసి, పాయసం గిన్నె మీద వంచేసింది.

“ఒసే పిల్లా, నీకేటైనా పిచ్చా!” వేదవతి కేక పెట్టింది.

జయదేవ్ చప్పుడు చెయ్యకుండా వీధి తలుపు వైపు జరిగాడు.

మొగుడి కంటపడకుండా దాచిన ఈతబెల్లం పాకం సీసాలోంచి ఒకే ఒక్క చుక్క జారింది.