సయాత్ బల్ల మీద రొట్టెలు

నా కొడుకు సయాత్ పోయాక వచ్చిన మొదటి శుక్రవారం, వాడి పేరున ఏడు షెల్పెక్ రొట్టెలు నూనెలో వేయించి, అల్మాటీలో వాడి శిల్పాలు పెట్టిన హాలుకు తీసుకెళ్లాను. వాటిని నలుగురూ తిని, దువా చేసి, అరచేతులతో ముఖం తుడుచుకుంటేనే ఆ పుణ్యం వాడికి చేరుతుంది.

మా అపార్టుమెంటు గుమ్మం ముందుండే బల్ల లాంటిదే వాడు సిమెంటులో పోసి శిల్పంగా ఆ హాల్లో పెట్టాడు. దాని మీదే గుడ్డ పరిచి రొట్టెలు పెట్టాను.

జనం మూగారు. "ఇది నగరం ఆకలి!" అన్నాడొక గడ్డపాయన.

"ఆకలి కాదు, శూన్యం," అంది పక్కనున్నావిడ.

"శూన్యమేంటమ్మా, వేడివేడిగా ఉంటే! తినండి," అన్నాను. ఫోటోలు తీసుకున్నారు.

హాలు చూసుకునే తోగ్జాన్ పరుగెత్తుకొచ్చి చుట్టూ తాడు కట్టింది. "భయపడకండి అపా, ఒక్కర్ని కూడా ముట్టుకోనివ్వను."

"ముట్టుకోవాలనేగా తల్లీ తెచ్చింది! నేను సయాత్ వాళ్ళమ్మని. ఒక్క ముక్క తిని వాడి పేరు తలుచుకో."

ఆ పిల్ల కళ్లు మెరిశాయి. జనం వైపు తిరిగి, "శిల్పి తల్లిగారే స్వయంగా ఇందులో పాల్గొంటున్నారు!" అని ప్రకటించింది.

ఇక చెప్పి లాభం లేదనిపించింది. తాడు దాటి బల్ల మీద కూర్చున్నాను. ముక్క తుంచి తిన్నాను. వాడి పేరు తలుచుకుని, అరచేతులతో ముఖం తుడుచుకున్నాను.

హాలంతా చప్పట్లు మోగాయి. బతికుండగా వాడు అన్ని చప్పట్లు ఎన్నడూ వినలేదు. అన్ని అరచేతులు కలిశాయి గానీ, ఒక్క జత కూడా ముఖం దాకా రాలేదు.