బుజ్జిగాడు పిలిచిన మొదటి మనిషి

తలుపు చప్పుడైతే చాలు, బుజ్జిగాడు కుట్టుమిషను కిందికి దూరిపోతాడు. ఇప్పుడూ అంతే. పక్కింటావిడ పిలిచి పిలిచి, మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది.

నాయనమ్మకి ఒళ్ళు మండింది. వారం రోజులుగా తల ప్రాణం తోకకొచ్చేలా నేర్పుతోంది. గుమ్మంలోకి వెళ్ళాలి, చేతులు జోడించాలి, రండి కూర్చోండి అనాలి. ఆ మూడేళ్ళ వెధవ అన్నిటికీ బుద్ధిగా తలూపుతాడు. తీరా మనిషి కనిపిస్తే పరుగో పరుగు.

"వాణ్ణి వదిలేయండత్తయ్యా" అంది కోడలు, కుడుతున్న గుడ్డ మీంచి తల ఎత్తకుండా. "ఆ రోజు ఇంటినిండా జనం వచ్చారు కదా. వాళ్ళే నాన్నని తీసుకెళ్ళిపోయారనుకుంటున్నాడు."

రోడ్డు ప్రమాదంలో పోయిన కొడుకు ఎలాగూ తిరిగి రాడు. మిగిలిన ఈ నలుసు కూడా మనుషులంటే జడుసుకుంటూ బతకాలా? ముసలావిడ దిగులంతా అదే.

సాయంత్రం మళ్ళీ తలుపు చప్పుడైంది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి. ఎవరు కావాలి బాబూ అని నాయనమ్మ అడిగింది. అతను ఉన్నపళాన గుమ్మం మెట్టు మీదే కూలబడ్డాడు. వచ్చినవాళ్ళంతా బుజ్జిగాడి మీదికి వంగి బుగ్గలు లాగేవాళ్ళే. ఇతను వాడంత ఎత్తుకే దిగి, తల వంచుకుని కూర్చున్నాడు.

మిషను కింద నుంచి బుజ్జిగాడు తొంగి చూశాడు. మెల్లగా పాక్కుంటూ బయటికొచ్చాడు. గుమ్మం దాకా వెళ్ళి చేతులు జోడించాడు.

"లండి. కూచోండి" అని అతని చూపుడు వేలు పట్టుకుని లోపలికి లాక్కొచ్చాడు.

కోడలి కాలు మిషను మీద ఆగిపోయింది. నాయనమ్మకి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి. కొడుకు పనిచేసిన మెకానిక్ షెడ్డు మనిషై ఉంటాడనుకుని గబగబా కుర్చీ తుడిచి వేసింది, మంచినీళ్ళిచ్చింది. ఇన్నాళ్ళకి మనవడు ఒక మనిషిని చేరదీశాడని, ఏ జన్మ రుణమో అని, ఇకమీదట వస్తూపోతూ ఉండాలని ఒకటే చెప్పుకుపోయింది.

అతను కూర్చోలేదు. గ్లాసు తాగకుండా ఒక చేత్తో పట్టుకునే ఉన్నాడు. రెండో చేతి వేలు విడిపించుకోబోతే బుజ్జిగాడు వదల్లేదు.

"నేను కూర్చోదగ్గ ఇల్లు కాదమ్మా ఇది" అన్నాడు. "మీ అబ్బాయిని గుద్దిన లారీ నడిపింది నేనే."